కుంపటి కోపం

అక్టోబరు పదకొండో తారీకు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది ఉడికించిన బంగాళాదుంపలు, ముందురోజు రొట్టె, కాస్త ఉప్పూ మిరియాలపొడీ. దుంపలు సగం ఉడికాయి, సగం ఉడకలేదు. మా అత్తగారు ఒక ముక్కని చెంచాతో నొక్కి చూసి, "అల్లుడుగారూ, ఇవి దుంపలా, ఏటి ఒడ్డున ఏరుకొచ్చారా?" అన్నారు. తినడం మాత్రం మొత్తం తిన్నారు. వంటకి వంక పెట్టాక గిన్నె ఖాళీ చేయడం ఆవిడ మర్యాద.

నా భార్య పోయి ఆ రోజుకి ఎనభై ఎనిమిది రోజులు. ఆ లెక్క నేను పెట్టుకున్నది కాదు. సాయంత్రం ఆమె కంప్యూటరు చెప్పింది.

ఇంట్లో మేం ఇద్దరమే మిగిలాం. అత్తగారు ముప్ఫయ్యేళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. కాళ్లు సహకరించక మిషను మానేశారు గానీ చేతిలో సూది మానలేదు. నేను కళ్లద్దాల దుకాణంలో చూపు కొలుస్తాను, ఉదయం పూట మాత్రమే. కూతురు లేని ఇంట్లో అల్లుడి దగ్గర ఎలా ఉంటానని ఆవిడ అంటారేమోనని మొదటి నెలంతా భయపడ్డాను. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకుండా ఒకరోజు నా చొక్కాలన్నీ ముందేసుకుని, ఊడిన గుండీలు కుట్టడం మొదలుపెట్టారు.

"దేశానికి వెళ్తున్నా." నాలుగింటికి టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, నా భార్య రోజూ అనే మాట అది. కిటికీ పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లడాన్ని అలా అనేది. ఆ దేశం ఏ పటంలోనూ ఉండదు. ఎక్కడెక్కడి వాళ్లో నాలుగు వందల మంది ఒక వెబ్‌సైటులో కూర్చుని కట్టుకున్న దేశం. దానికి సభ ఉంది, మంత్రులున్నారు, రేవులూ గనులూ రైళ్లూ ఉన్నాయి. పన్ను పెంచితే ఏమవుతుందో, గని మూస్తే ఎందరి పొయ్యి ఆరుతుందో ఒక ప్రోగ్రాం లెక్కగట్టి చెబుతుంది. ఏడాదికి రెండుసార్లు ఎన్నికలు. అక్కడ ఆమె ఒక పార్టీకి నాయకురాలు. ఉమ్మడి పొయ్యి పార్టీ. వామపక్షం, కూలీల పక్షం. సభలో నలభై సీట్లుంటే వీళ్లవి ఆరు. ఆ దేశంలో ఎవరూ సొంత పేరుతో ఉండరు. ఆమె పేరు కుంపటి. ఆస్పత్రి మంచం మీద కూడా, పోయిన రోజు దాకా, ఆమె ఫోనులో ఆ దేశం తెరిచే ఉండేది.

ఆ సాయంత్రం దుమ్ము దులుపుదామని ఆ గదిలోకి వెళ్లాను. బల్ల తుడుస్తుంటే గుడ్డ మీటలకి తగిలి తెర వెలిగింది. ఆమె కంప్యూటరుకి తాళం వేసుకోలేదు. "చదివే ఓపిక ఉంటే చదువుకో, దాచేదేం లేదు" అనేది. నాకెప్పుడూ ఓపిక లేకపోయింది.

తెర మీద ఒక నోటీసు ఉంది.

"పౌరురాలు కుంపటి గారికి. మీరు సభకు వచ్చి ఎనభై ఎనిమిది రోజులైంది. తొంభై నిండితే పౌరుల పట్టికలోంచి మీ పేరు తీసివేస్తాం. ఉన్నట్లయితే కింది గడి నొక్కండి."

గడిలో "ఉన్నాను" అని రాసి ఉంది.

అప్పటికి మూడు ఆఫీసుల్లో మూడు కాగితాల మీద, ఆమె లేదని సంతకం పెట్టి వచ్చాను. అక్కడ ఎవరూ నన్ను ఉందా అని అడగలేదు. ఇక్కడ అడుగుతున్నారు. నొక్కాను.

ఆమె పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. గుక్క తిప్పుకునేలోగా కింద మాటల వరసలు పడ్డాయి. మొదటిది గార్డు అనే అతనిది. నిజంగానే గూడ్సు రైలు గార్డట.

"అక్కా, బతికే ఉన్నావా? రేపో మాపో సంతాపసభ పెట్టేద్దామని నీ గురించి నాలుగు మంచి మాటలు కూడా రాసిపెట్టా. కష్టపడి రాశా. ఇప్పుడవన్నీ దండగ."

తర్వాత నర్సు. ఆస్పత్రిలో పని చేసే అమ్మాయి. "ఒంట్లో బాలేదా అక్కా? చెప్పకపోయినా పర్లేదు. వచ్చారు, అంతే చాలు."

నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. నేను ఆమె భర్తని, ఆమె జూలైలో పోయింది. మీటల మీద వేళ్లు పెట్టాను. ఆమె ఎక్కువగా వాడిన నాలుగైదు మీటల మీద అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. "ఒంట్లో బాలేదు. ఇప్పుడు ఉన్నాను" అని కొట్టాను. అబద్ధమని ఆ మీటలు మొరాయించలేదు.

నవంబరు ఇరవై రెండున ఎన్నికలని గార్డు చెప్పాడు. అంటే ఆరు వారాలు.

మర్నాటి నుంచి రోజూ ఒంటిగంటకి దుకాణం నుంచి వచ్చి, తిని, గిన్నెలు కడిగి, నాలుగు కొట్టేదాకా ఆగి గదిలోకి వెళ్లేవాణ్ణి. ఆమెలా రాయాలంటే ముందు ఆమె రాసింది చదవాలి కదా. పన్నెండేళ్ల రాతలు. మొదటి రోజు నా కళ్లజోడు హాల్లో మర్చిపోయి, బల్ల మీద ఉన్న ఆమెది పెట్టుకున్నాను. ఇద్దరిదీ ఒకే పవరు. ముక్కు దగ్గర కొంచెం ఇరుకు, అంతే. రెండో రోజు నుంచి నా జోడు తెచ్చుకోవడం మానేశాను. తెర నల్లబడినప్పుడల్లా అందులో ఆ కళ్లజోడు కనిపించేది. దాని వెనక ముఖం సరిగా కనిపించేది కాదు.

చదివినకొద్దీ నాకు పరిచయం లేని మనిషి బయటపడింది. నాతో ముప్ఫయ్యేళ్లు గొంతు పెంచకుండా కాపురం చేసిన మనిషి అక్కడ మంత్రులకి ముచ్చెమటలు పోయించింది. "ఆర్థికమంత్రి గారి ప్రసంగం వింటే మా వీధి కుళాయి గుర్తొస్తుంది. చప్పుడెక్కువ, నీళ్లు తక్కువ." నవ్వాను. ఆ గదిలో నా నవ్వు నాకే కొత్తగా వినిపించి తలుపు వైపు చూశాను.

ఆ పార్టీలో ఒక పద్ధతి ఉంది. ఆమె పెట్టిందే. ఏ తీర్మానం ఓటుకి రావాలన్నా ముందు ఒకరు అడ్డపీట మీద కూర్చోవాలి. అంటే అది తప్పని గంటసేపు వాదించాలి, తనకి నచ్చిన తీర్మానమైనా సరే. వాదించేవాళ్లు దొరక్కపోతే ఓటు లేదు. "అందరూ తలలూపుతుంటే ఎక్కడో ఏదో కుళ్లిందని అర్థం" అని ఆమె రాసింది. సాధారణంగా ఆ పీట మీద ఆమే కూర్చునేది. ఒకసారి ఎవరో అడిగారు: "ఇంట్లో కూడా ఇంతేనా అక్కా?" ఆమె జవాబు ఇలా ఉంది: "ఇంట్లో ఎవరితో పెట్టుకోను? మా ఆయన దూది. దూదికి దెబ్బ తగలదు. అందుకే ఇక్కడికొచ్చి మీ నెత్తిన కొడుతున్నా."

చివర ఒక నవ్వు బొమ్మ ఉంది. ఆ బొమ్మ వైపు చాలాసేపు చూశాను.

ఆమెలా రాయడం నా తరం కాలేదు. గార్డు ఒక కరపత్రం రాసి పంపితే బాగుందన్నాను.

"బాగుందా? అక్కా, అందులో నేను కావాలని మూడు తప్పులు పెట్టా, నువ్వు పట్టుకుంటావని. జ్వరం తగ్గలేదా ఇంకా?"

తిట్టాలి కాబోలు అనుకుని, "ఇలా రాస్తే ఎలా అండీ" అని కొట్టాను.

"అండీయా? నన్నా? అయిపోయింది. అక్క నన్ను పార్టీలోంచి తీసేస్తోంది." వెంటనే ఇంకో వరస. "నువ్వు అసలు అక్కవేనా? జోకు లే. పోయిన ఏడాది అన్నదమ్ములిద్దరు ఒక్క పేరుతో కూర్చుని దొరికిపోయారుగా. పడ్డ ఓట్లన్నీ కొట్టేసి పార్టీ పేరే చెరిపేశారు. ఆ గతి మనకొద్దు తల్లీ."

ఆ రోజే ఆపాల్సింది. ఆపలేకపోయాను. ఈ లోకంలో ఎక్కడైనా ఆమె ఇంకా ఉందంటే అది ఆ పచ్చచుక్క దగ్గరే. నేను నోరు విప్పితే అక్కడ కూడా పోతుంది. అంతకు మించి నా దగ్గర వేరే కారణం లేదు.

రెండో వారంలో ఒక రాత్రి అన్నాల దగ్గర అత్తగారు ఉన్నట్టుండి అన్నారు: "ఆ గదిలో చప్పుడు వింటూ పడుకుంటే సాయంత్రం కునుకు పడుతోందండీ."

నేను కూర గిన్నె ఆవిడ వైపు జరిపాను.

"అది కొడితే వాన పడ్డట్టుండేది. ఇదేమో చూరు నుంచి చుక్క కారినట్టుంది. ఒకటి పడ్డాక ఇంకోటి ఎప్పుడు పడుతుందా అని ఎదురు చూడాల్సొస్తోంది."

"నాకు రెండు వేళ్లే వచ్చత్తయ్యా."

"ఊఁ" అన్నారు. ఇంకేమీ అడగలేదు. ఆవిడ అడగకపోవడం నా మీద దయో పరీక్షో నాకు అప్పుడు తెలియలేదు.

నా పరిస్థితి ఎంతవరకు వచ్చిందంటే, దుకాణంలో చూపు పరీక్షిస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడుగుతుంటే ఒకాయన "రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు. "రెండూ ఒకలాగుంటే మీరు చూడటం లేదన్నమాట" అని నా నోట్లోంచి వచ్చింది. నా మాట కాదది. నా గొంతూ కాదు. ఆయన బిత్తరపోయి చూశాడు. నేను లెన్సు తీసి తుడుస్తున్నట్టు కాసేపు అటు తిరిగి నిలబడ్డాను. ఇంటికొచ్చి టీ పెడితే రెండు కప్పులు కాకుండా మూడు పోశాను. అత్తగారు చూసి, మూడోది మారు మాట్లాడకుండా తానే తాగేశారు.

నవంబరు మొదటి వారంలో గడియారం ఉత్తరం వచ్చింది.

గడియారం అంటే గడియారాలు బాగుచేసే పెద్దాయన. నా భార్యా ఆయనా కలిసే ఆ దేశంలో మొదట పార్టీ పెట్టారు. పదకొండేళ్ల కిందట వాళ్లు ప్రభుత్వంలో ఉండగా రేవు కూలీలు సమ్మె చేశారు. మంత్రిగా ఉన్న గడియారం, బడ్జెట్టు కూలిపోతుందని రేవులోకి పోలీసుల్ని పంపాడు. నలభై మందికి దెబ్బలు తగిలాయని ప్రోగ్రాం రాసింది. ఆ కూలీలెవరూ మనుషులు కారు, అంకెలు. ఆ అంకెల కోసం నా భార్య ఆ సాయంత్రమే బయటికొచ్చి పొయ్యి పార్టీ పెట్టింది. "ఆటలోనే సమ్మె విరిచినవాడు బయట అధికారమిస్తే ఏం చేస్తాడు?" అని రాసి వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి ఎన్నికకీ ఆయన ఒక ఉత్తరం రాస్తూనే ఉన్నాడు, కలిసి నిలబడదామా అని. ప్రతిసారీ ఆమె జవాబు ఒకటే: "రేవు కూలీల్ని అడుగు." ఇరవై రెండు ఉత్తరాలు, ఇరవై రెండు జవాబులు. అన్నీ చదివాను.

ఇది ఇరవై మూడోది. "కుంపటి గారూ, మీరు మూడు నెలలు కనిపించకపోతే కంగారు పడ్డాను. అధికారంలో ఉన్న నిలకడ పార్టీ ఈసారి గనులన్నీ అమ్మేస్తుంది. మనం విడివిడిగా ఉంటే చూస్తూ కూర్చోవడమే. నాకు వయసైపోయింది. అడగడం మాత్రం మానలేదు చూశారుగా."

ఎంత మర్యాదైన ఉత్తరం. పదకొండేళ్ల కోపం. అంకెల మీద. నాకు ఆయన మీద జాలి వేసింది, ఆమె మీద కూడా వేసింది. ఇంత బరువు మోసుకుంటూ తిరిగిందా, దింపేస్తే బాగుండును అనుకున్నాను. దింపేశాను.

"పదకొండేళ్లయింది. ఆ రోజు నేనూ ఎక్కువే మాట్లాడాను. మన్నించండి. కలిసి నిలబడదాం."

పంపాక ఒళ్లు తేలికైంది. అది ఆమెకి తేలికైందనే అనుకున్నాను.

గార్డు ఆ జవాబు చూశాడు. తర్వాత, "అక్కా, నువ్వు మన్నించండి అన్నావా? గడియారానికా? రేపు పొద్దున పట్టాల మీద రైలు కాకుండా పడవ వచ్చినా నేను జెండా ఊపేస్తా ఇక" అన్నాడు. వెక్కిరింతే గానీ అందులో సంతోషం కూడా ఉంది. ఆరు సీట్లతో అలిసిపోయిన వాళ్లు.

ఉమ్మడి కార్యక్రమం గడియారమే రాసి పంపాడు. గెలిస్తే కుంపటి ప్రధాని, ఆయన రేవుల మంత్రి. పది అంశాలు. నర్సు నన్ను విడిగా అడిగింది.

"అక్కా, ఏడో అంశం చూశారా? రేవులో సమ్మె చేయాలంటే అరవై రోజుల ముందు నోటీసివ్వాలంట."

"చూశాను. రెండు నెలలు ఆగితే ఏం పోతుంది?"

"ఓడలో సరుకు అరవై రోజులు ఆగుతుందా అక్కా? ఈలోపు దింపేసుకుని పోతారుగా. ఇంక సమ్మె ఎందుకు?"

నాకు తోచలేదు. "అన్నీ మనకి కావలసినట్టు ఉండవు కదమ్మా" అన్నాను.

"సరే. మరి దీని మీద అడ్డపీట ఎవరు తీసుకుంటారు?"

"ఈసారికి వద్దు. టైము లేదు."

ఆమె "సరే అక్కా" అంది. ఆ తర్వాత ఎన్నికలయ్యేదాకా నర్సు నన్ను ఏమీ అడగలేదు. పోస్టర్లు మాత్రం వేళకి అంటించింది.

ఇరవై రెండున ఓట్లు పడ్డాయి. నలభైలో ఇరవై రెండు మావి. గార్డు ఆ రోజంతా గూడ్సు కూతలు పెడుతూనే ఉన్నాడు. బుధవారం నాలుగింటికి ప్రమాణం, ఆ వెంటనే ఉమ్మడి కార్యక్రమం మీద ప్రధాని సంతకం అని సభ ప్రకటించింది. ఆమె పేరు పక్కన పచ్చచుక్కతో పాటు ఒక కిరీటం బొమ్మ వచ్చింది.

గడియారం విడిగా రాశాడు. "నాకు రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయండీ. దుకాణం మూసేశాను. చిన్న చక్రాలు పట్టుకోలేను. మీ మాట చూసిన రోజు ఎంత నిద్ర పోయానో మీకు తెలియదు."

సోమవారం మధ్యాహ్నం. టమాటా చారు, రొట్టె. అత్తగారు అప్పటికే తినేసి, నా పాత ప్యాంటు అంచు విప్పుతూ కూర్చున్నారు. నా సంతోషం ఎవరితోనన్నా పంచుకోవాలనిపించింది. చెప్పేశాను. గడి నొక్కడం దగ్గర నుంచి, గెలుపు దాకా. "మీ అమ్మాయి ప్రధాని అయిందత్తయ్యా" అని ముగించాను.

ఆవిడ తలెత్తలేదు. "ఎవరికో మన్నించండి అని రాశానన్నారు?"

"గడియారం అని. పదకొండేళ్ల కిందట గొడవ. పాపం పెద్దాయనత్తయ్యా, చేతులు వణుకుతున్నాయట. ఆ కూలీలు కూడా నిజం మనుషులు కారు, అంకెలు."

"అంకెలైతే దెబ్బలెందుకు కొట్టించాడు?"

నేను చారులో చెంచా తిప్పాను.

"దానికి పదేళ్లప్పుడు నా కత్తెర కనపడలేదు. నువ్వే పారేశావు, తప్పయిందని చెప్పమన్నాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు గానీ చెప్పలేదు. మూడో రోజు నా మిషను కిందే దొరికింది." దారం తెంపారు. "అది తప్పు చేస్తే చెప్పేది. చెయ్యకపోతే ప్రాణం పోయినా చెప్పేది కాదు. ప్రాణం పోయాక నువ్వు చెప్పించావు."

ఇన్నేళ్లలో ఆవిడ నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"దానికి శాంతిగా ఉంటుందని..."

"దానికా, నీకా?"

చారు చల్లారిపోయింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"నువ్వు మంచివాడివి నాయనా. నేను కాదనను. నీ పేరు మీద ఎంత మంచితనమైనా చేసుకో. దాని పేరు మీద చెయ్యకు. బట్టలు పంచిపెట్టేశాం. పుస్తకాలిచ్చేశాం. దానిదంటూ ఆ కోపం ఒక్కటి మిగిలింది. దాన్ని కూడా ఇచ్చేస్తావా?"

కొత్త దారం తీసి, సూదీ దారం రెండూ నా చేతికిచ్చారు, ఎక్కించమని. ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. ఎక్కించి ఇచ్చాను. ఆవిడ మళ్లీ అంచు కుట్టుకోవడంలో పడ్డారు.

ఆ రెండు రోజులూ నేను గదిలోకి వెళ్లలేదు. చెబితే ఓట్లన్నీ పోతాయి. పదకొండేళ్లుగా ఆమె నిలబెట్టిన పార్టీ పోతుంది. గార్డు సంబరం పోతుంది. ఆ పెద్దాయన నిద్ర పోతుంది. చెప్పకపోతే బుధవారం నాలుగింటికి, రేవులో సమ్మెలు ఆపే కాగితం కింద ఆమె పేరు పడుతుంది. ఎటు చూసినా ఎవరికో ఒకరికి దెబ్బ తగలాల్సిందే. దెబ్బ తగలని దారి వెతకడం నా జీవితమంతా నాకున్న అలవాటని అప్పుడే తెలిసింది. ఆమె దాన్ని దూది అంది.

బుధవారం నాలుగింటికి వెళ్లి, నా కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. మూడు వందల మందికి పైగా సభలో ఉన్నారు. సభాపతి ప్రమాణం చేయమని కుంపటిని పిలిచాడు. రెండు వేళ్లతో కొట్టాను.

"నేను కుంపటిని కాదు. ఆమె భర్తని. ఆమె జూలై పదిహేనున చనిపోయింది. అక్టోబరు పదకొండు నుంచి ఈ పేరుతో రాసిందంతా నేను. గడియారం గారికి మన్నింపు చెప్పింది నేను. ఏడో అంశం ఒప్పుకున్నది నేను. అడ్డపీట వద్దన్నది నేను. ఆమె ఇందులో ఏదీ చేసేది కాదు. పొయ్యి పార్టీ వాళ్లెవరికీ ఈ సంగతి తెలియదు."

తర్వాత సభాపతి నిబంధన చదివాడు. ఓట్లు చెల్లవు. పార్టీ పేరు చెరిగిపోతుంది. కొత్తది పెట్టుకోవాలంటే ఆరు నెలలు ఆగాలి. నిలకడ పార్టీయే కొనసాగుతుంది. ఆయన చివర్లో "మా సానుభూతి" అని కూడా రాశాడు. ఆ మాట అక్కడ ఎవరో ఒకరు అనడం నాకు ఆసరాగా అనిపించింది.

గార్డు రాసింది ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వరసకి మిమ్మల్ని బావగారు అనాలి. నోరు రావట్లేదు. మా అక్క పోయిన రోజు మాకు ఏడ్చే వీలు లేకుండా చేశారు. ఇవాళ పార్టీతో కలిపి ఏడవమంటున్నారు. మాకు రెండు చావులు ఒకేసారి ఇచ్చారండీ." అతని పేరు పక్కన చుక్క ఆరిపోయింది.

నర్సు విడిగా రాసింది. "నాకు మూడో వారంలోనే అనుమానం వచ్చింది అన్నయ్యా. డ్యూటీలో ఉన్నానంటే, భోంచేశావా అమ్మా అని అడిగారు. అక్క ఎప్పుడూ, డ్యూటీలో ఉండి ఇక్కడేం చేస్తున్నావే అనేది. భోంచేశావా అని నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఊరుకున్నా. ఏడో అంశం దగ్గర ఊరుకోకుండా ఉండాల్సింది. ఆ తప్పు నాది."

"నీది కాదమ్మా."

"అడ్డపీట మీరు వద్దంటే నేను లాక్కుని కూర్చోవాలి. అక్క నేర్పింది అదే కదా."

గడియారం అందరూ వెళ్లిపోయేదాకా ఉన్నాడు. ఆయన వాక్యాలు ఆగి ఆగి వచ్చాయి. వణికే చేతులని ఇప్పుడు అర్థమైంది.

"ఆ మాట ఆవిడది కాదన్నమాట."

"కాదండీ. నాది. మిమ్మల్ని బాధపెట్టాను."

"బాధే. ఆవిడకి వయసు మీద పడిందని నమ్మాను చూడండి, అక్కడ మోసపోయాను." ఇంకో వరస వచ్చింది. "ఒకటి అడుగుతాను. చివరి రోజుల్లో రేవు సంగతి ఎప్పుడన్నా ఎత్తారా?"

ఒక మెత్తని మాట నాలుక చివరికి వచ్చింది. మీ గురించి మంచిగా అడిగింది అని. పెద్దాయన నిద్ర పోతాడు. ఎవరికీ తెలియదు.

నిజంగా జరిగింది వేరు. జూలై మొదట్లో, ఆస్పత్రిలో, మందు మత్తులో ఆమె నా చెయ్యి పట్టుకుని "రేవు వాళ్ల సంగతి ఏమైంది?" అని అడిగింది. మాకు తెలిసిన రేవు ఏదీ లేదు. పలవరింత అనుకున్నాను.

అదే రాశాను. "అడిగింది. నాకు అర్థం కాలేదు. అంతా బాగానే ఉందని చెప్పాను."

"దానికి ఏమన్నారు?"

"'నీకేం తెలుసు' అని అటు తిరిగి పడుకుంది."

బయట వీధిదీపాలు వెలిగాయి.

"ఆవిడే" అని వచ్చింది. "ఆవిడే, సందేహం లేదు. ఇన్నేళ్లలో నాకు అందిన జవాబుల్లో ఇదే పెద్దది. ఉంటానండీ."

ఆరింటికి పౌరుల పట్టికలోంచి ఆమె పేరు తీసేశారు. పచ్చచుక్క ఆరిపోవడం చూడాలని కూర్చున్నాను గానీ, కళ్లు తుడుచుకునే లోపల ఎప్పుడు ఆరిందో గమనించలేదు.

తొమ్మిదింటికి అన్నాలయ్యాయి. అన్నం మెత్తబడింది, కూరలో ఉప్పు తక్కువైంది. అత్తగారు ఈసారి వంక పెట్టలేదు. గిన్నె ఖాళీ చేసి, గోడ పట్టుకుని మెల్లగా వీధి తలుపు దాకా నడిచి, తలుపు మీద చెయ్యి వేసి ఆగారు.

"తీసేశారా పేరు?"

"తీసేశారు."

"నిన్ను తిట్టారా?"

"తిట్టారత్తయ్యా. గట్టిగానే తిట్టారు."

"అయితే దాని మనుషులే" అన్నారు ఆవిడ. కాసేపు వీధిలోకి చూస్తూ నిలబడ్డారు. బయట ఎవరూ లేరు. తర్వాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టారు.